మహిళల్లో పానిక్ అటాక్‌లు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

పానిక్ అటాక్ అంటే మామూలు గాభరాయేనా?

కాదు. కూతురు ట్యూషన్ నుంచి ఇంకా రాలేదని పడే గాభరాకి కారణం ఉంటుంది. పిల్ల గుమ్మంలో అడుగు పెట్టగానే అది తగ్గిపోతుంది. పానిక్ అటాక్‌కి అలాంటి కారణమేదీ కనపడకపోవచ్చు. పూర్ణా మార్కెట్లో కూరలు బేరమాడుతూనో, ఇంట్లో టీవీ ముందు కూర్చునో ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు, చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, కడుపులో తిప్పుతుంది, ప్రాణం పోతోందేమో అనిపిస్తుంది. కొందరికి చుట్టూ ఉన్నదంతా కలలో జరుగుతున్నట్టు, తమ ఒళ్లు తమది కానట్టు ఉంటుంది. కొద్ది నిమిషాల్లోనే, సాధారణంగా పది నిమిషాల లోపు, ఇది తారస్థాయికి చేరి అరగంటలో చాలావరకు దిగిపోతుంది. నీరసం మాత్రం ఆ పూటంతా ఉంటుంది.

తుఫాను లేకుండానే పోర్టులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఊరంతా ఎలా ఉరుకులు పెడుతుందో, ఇక్కడ శరీరం అలా చేస్తుంది. అడ్రినలిన్ నిజంగానే పెరుగుతుంది, గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది. అందుకే "ఏం లేదులే, ఊరికే అనుకుంటున్నావ్" అనడం తప్పు. లక్షణాలు నిజమైనవే, ప్రమాదం మాత్రం లేదు.

ఒక్కసారి వచ్చింది. జబ్బు వచ్చినట్టేనా?

అక్కర్లేదు. జీవితంలో ఒకటి రెండుసార్లు వచ్చి మళ్లీ రానివాళ్లు ఎందరో. కారణం లేకుండా పదే పదే వస్తూ, వాటిలో ఒకదాని తర్వాతైనా నెల లేదా అంతకంటే ఎక్కువ కాలం "మళ్లీ వస్తుందేమో" అన్న బెంగ వెంటాడినా, ఆ భయంతో బస్సెక్కడం, ఒంటరిగా ఉండటం మానేసినా అప్పుడు పానిక్ డిజార్డర్ అంటారు.

గుండెపోటు కాదని ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

మొదటిసారైతే వద్దు. ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఆడవాళ్లకి గుండెపోటు సినిమాలో చూపించినట్టు గుండె పట్టుకుని కూలిపోయేలా రాకపోవచ్చు. దవడ, మెడ, వీపు పైభాగం నొప్పి, వికారం, ఆయాసం, అంతుచిక్కని నిస్సత్తువ, ఇవే ముందు కనపడొచ్చు. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకున్నవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

ఈ కింది వాటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి:

- మెట్లెక్కితే, బరువు మోస్తే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ నొప్పి
- ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, లేదా 15 నిమిషాలైనా తగ్గని ఛాతీ బరువు
- స్పృహ తప్పడం
- ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడుతూ ఆయాసం రావడం. గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ కావచ్చు

స్పృహ తప్పడం గురించి ఒక మాట. పానిక్‌లో బీపీ సాధారణంగా పెరుగుతుంది, స్పృహ తప్పాలంటే బీపీ పడిపోవాలి. అందుకే "పడిపోతానేమో" అనిపించడం మామూలే గానీ నిజంగా పడిపోవడం అరుదు. పడిపోయారంటే వేరే కారణం వెతకాలి.

నాడి కూడా చూసుకోండి. 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చవేయండి. పానిక్ ఉన్నట్టుండి మొదలైనా, దడ నిమిషాల మీద పెరిగి, కాస్త కాస్తగా తగ్గుతుంది. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై, 150 దాటి, మళ్లీ స్విచ్ తీసినట్టు ఆగిపోతే అది గుండె లయ తప్పే ఎస్‌వీటీ కావచ్చు. ఆ దడ ఆగిపోయాక తీసిన ఈసీజీ మామూలుగానే ఉంటుంది. అందుకని డాక్టర్‌కి ఈ తీరంతా వివరంగా చెప్పి, 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ నమోదు చేసే చిన్న యంత్రం) అవసరమా అని అడగండి.

వేళ్లు వంకర్లు పోయి బిగుసుకుపోయాయి. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అని తాళంచెవులు పెట్టారు. అది ఫిట్సేనా?

చాలామటుకు కాదు. భయంలో ఊపిరి పైపైన గబగబా తీస్తాం. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దాంతో రక్తంలో కాల్షియం పనిచేసే తీరు మారి ముందు మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలవుతుంది. తర్వాత బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది, మిగతా నాలుగు వేళ్లు నిటారుగా బిగిసి ఒకదానికొకటి అతుక్కుంటాయి, మణికట్టు లోపలికి వంగుతుంది. చూసేవాళ్లకి భయమేస్తుంది. కానీ మనిషికి స్పృహ ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది. పెద్ద ఫిట్స్ అయితే పలకదు, నాలుక కొరుక్కోవచ్చు, బట్టల్లో మూత్రం పోవచ్చు.

తాళంచెవులతో రెండు రకాలకూ ఉపయోగం లేదు. బలవంతంగా వేళ్లు విప్పితే నొప్పి మిగులుతుంది. గబగబా ఊపిరి తీస్తున్న మనిషి నోట్లో నీళ్లు పోస్తే పొరబోతుంది. ఊపిరి నెమ్మదించాక కొద్ది నిమిషాల్లో వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి.

కాగితం సంచిలో ఊపిరి పీల్చమని ఎవరైనా చెబితే వినకండి. అసలు సమస్య ఆస్తమానో గుండెజబ్బో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

అటాక్ వచ్చిన ఆ క్షణంలో ఏం చేయాలి?

ఉన్నచోటే కూర్చోండి. బండి మీద ఉంటే పక్కకి తీసి ఆపండి. బిగుతు దుపట్టా, కొంగు వదులు చేసుకోండి.

ముందు ఊపిరి వదలండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. "గట్టిగా ఊపిరి తీసుకో" అని పక్కవాళ్లు అంటారు, అసలే నిండి ఉన్న ఛాతీలోకి ఇంకా లాగుతారు, తిమ్మిరి ఎక్కువవుతుంది. నోటితో నెమ్మదిగా, వేడి కాఫీ మీద ఊదినట్టు, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. తర్వాత ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ తీసుకోండి. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. కుదరకపోతే 4 వదిలి 3 తీసుకోండి. 5 నిమిషాలు చేయండి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే పొట్ట లేవాలి, భుజాలు కాదు.

"ఇది పానిక్. ఇప్పుడు ఎక్కువవుతుంది, తర్వాత తగ్గుతుంది" అని మీలో మీరు చెప్పుకోండి. తగ్గాలి తగ్గాలి అని కుస్తీ పట్టొద్దు, పట్టే కొద్దీ పెరుగుతుంది. వీలైతే అక్కణ్ణుంచి పారిపోకండి. పారిపోయాక తగ్గితే "పారిపోవడం వల్లే బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది, రేపు ఆ చోటికి వెళ్లనివ్వదు. అయితే ఈ మాట డాక్టర్ చూసి పానిక్ అని తేల్చినవాళ్లకే.

ఆడవాళ్లకే ఎందుకు ఎక్కువ?

పానిక్ డిజార్డర్ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు. ఒకే కారణం చెప్పలేం. నెలసరికి ముందు, కాన్పు తర్వాత, ముట్లుడిగే వయసులో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. ప్రొజెస్టెరాన్ నుంచి తయారయ్యే ఒక పదార్థం మెదడుని సహజంగానే శాంతపరుస్తుంది, హార్మోన్‌తో పాటు అదీ తగ్గుతుంది. థైరాయిడ్, రక్తహీనత ఆడవాళ్లలోనే ఎక్కువ. వీటికి తోడు నిద్ర చాలకపోవడం, ఇంట్లో హింస, చిన్నప్పటి లైంగిక వేధింపులు. అమ్మకో అక్కకో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది.

మహిళ "గుండె దడ" అనగానే "టెన్షన్" అని రాసి పంపేయడం ఒక తప్పు. ప్రతి నెలా కొత్త స్కాన్ తీయించుకుంటూ అసలు చికిత్స మొదలుపెట్టకపోవడం ఇంకో తప్పు. ఒళ్లు ఒక్కసారి సరిగ్గా పరీక్షించి, ఆ తలుపు మూసి, పానిక్‌కి మందు వేయడం మంచి పద్ధతి.

ఒక్కసారి సరిగ్గా అంటే ఏయే పరీక్షలు?

ఎక్కువమందికి ఇవి చాలు: ఈసీజీ, బీపీ, హిమోగ్లోబిన్‌తో కూడిన రక్తపరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్. శాకాహారులకీ, చాలాకాలంగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ విటమిన్ బీ12. నెలసరి ఎక్కువ అయ్యేవాళ్లకి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే పరీక్ష).

టీఎస్‌హెచ్ తక్కువ వస్తే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నట్టు. దడ, వణుకు, చెమట, ఆకలి ఉన్నా బరువు తగ్గడం, అన్నీ పానిక్‌ని పోలే ఉంటాయి. ఇంకోటి, రెండేళ్ల కిందట రాసిన థైరాక్సిన్ మాత్రని మళ్లీ పరీక్ష లేకుండా అలాగే వేసుకుంటుంటారు. మోతాదు ఎక్కువైతే మాత్రే దడ తెప్పిస్తుంది. మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలకి పరీక్ష చేయించాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే, గర్భిణుల్లో 11 కంటే తక్కువైతే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల భారతీయ మహిళల్లో 57 శాతం మందికి ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే నాలుగు మెట్లకే గుండె కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడమే భయానికి నిప్పు రాజేస్తుంది. ఐరన్ మాత్రని టీ, కాఫీలతో కలపకండి, రెండింటికీ మధ్య గంటైనా ఎడం ఉంచండి.

ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, కొన్ని జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు కూడా దడ, వణుకు తెస్తాయి. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకోవక్కర్లేదు.

నెలసరికి వారం ముందే వస్తోంది. సంబంధం ఉందా?

ఉండొచ్చు. క్యాలెండర్ మీద రెండు నెలలపాటు గుర్తు పెట్టండి: నెలసరి మొదలైన రోజు, అటాక్ వచ్చిన రోజు, నిద్రపోయిన గంటలు. అటాక్‌లన్నీ ముందు వారం పది రోజుల్లోనే పడి, నెలసరి మొదలైన కొద్ది రోజుల్లో తగ్గిపోతుంటే ఆ కాగితమే సగం నిర్ధారణ. కొందరికి నెలసరికి ముందు రెండు వారాలు మాత్రమే మందు వేసుకుంటే సరిపోతుంది. జ్ఞాపకం మీద చెబితే మాత్రం లెక్క తప్పుతుంది.

వయసు 46. ఒంట్లోంచి సెగలు, చెమటలు. విశాఖ ఉక్కపోతా, పానిక్కా, మెనోపాజా?

ఉక్కపోత అయితే ఫ్యాన్ కింద తగ్గుతుంది, ఇంట్లో అందరికీ ఉంటుంది. మెనోపాజ్ సెగ ఛాతీ నుంచి మెడ, ముఖం మీదికి ఎగబాకి, ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో చెమటగా మారి, చివర్లో చలి పుట్టిస్తుంది. అర్ధరాత్రి కూడా లేపుతుంది. ముందు వేడి, తర్వాత కంగారు అయితే హార్మోన్ వైపు చూడాలి. ముందు భయం, తర్వాత చెమట అయితే పానిక్ వైపు. రెండూ కలిసి రావడం కూడా మామూలే.

గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. ఆపరేషన్లో అండాశయాలు కూడా తీసేస్తే 35 ఏళ్లకైనా ఒక్కసారిగా మెనోపాజ్ వచ్చిపడుతుంది. డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారో తీశారో చూడండి. చాలామందికి ఈ సంగతే తెలియదు. తీసేసుంటే గైనకాలజిస్టుని హార్మోన్ చికిత్స గురించి అడగండి.

బాలింతకి వస్తే?

ఆలస్యం చేయొద్దు. కాన్పు తర్వాత మొదటి నెలల్లో కొందరికి థైరాయిడ్ వాచి హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది, టీఎస్‌హెచ్ చూడాలి. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే గుండె కండరం బలహీనపడిందేమో చూడటానికి ఎకో (గుండె స్కాన్) తీయాలి. బాలింతకి నీళ్లు తక్కువ ఇవ్వాలన్న ఆచారం ఇంట్లో ఉంటే పక్కన పెట్టండి. పాలిచ్చే తల్లికి నీళ్లు చాలకపోతే నాడి పరిగెడుతుంది, కళ్లు తిరుగుతాయి. పాలిస్తూనే వాడగల మందులున్నాయి, సెర్ట్రలిన్ వాటిలో ఒకటి. బిడ్డకో తనకో హాని చేసుకోవాలనిపిస్తోందని ఆమె అంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కాఫీ మానేయాలా?

రెండు వారాలు మానేసి చూడండి, జవాబు మీకే తెలుస్తుంది. తలనొప్పి రాకుండా రోజుకి అరకప్పు చొప్పున తగ్గించండి. మామూలుగా కెఫీన్ సగం కరగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో దాదాపు రెట్టింపు సమయం పడుతుంది, నెలలు నిండే కొద్దీ గర్భిణుల్లో ఇంకా ఎక్కువ. సాయంత్రం నాలుగింటి కాఫీ రాత్రి పదింటికి కూడా ఒంట్లో ఉంటుందన్నమాట.

కార్తీక సోమవారం ఉపవాసమంటూ చుక్క కనపడేదాకా కాఫీల మీదే గడిపితే వణుకు రాక మానదు. పాలో పండో తీసుకోండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. దడ వచ్చినప్పుడు గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే అది పానిక్ కాదు. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి.

ఏ మందులు ఇస్తారు? జీవితాంతం వాడాలా?

ముందుగా వాడేవి సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి. పానిక్ ఉన్నవాళ్లకి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు: సెర్ట్రలిన్ 25, ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు. మొదటి వారం పది రోజులు కంగారు కాస్త పెరగొచ్చు, వికారం ఉండొచ్చు. "మందు పడలేదు" అని ఎక్కువమంది ఆపేసేది సరిగ్గా అప్పుడే. పూర్తి ఫలితానికి 4 నుంచి 6 వారాలు, కొందరికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. తగ్గాక కూడా 6 నుంచి 12 నెలలు వాడి, నెమ్మదిగా తగ్గిస్తూ మానేయాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, తలలో షాక్ కొట్టినట్టు జిల్లుమనడం వస్తాయి. గర్భం కోసం చూస్తుంటే మొదటి రోజే చెప్పండి, మందు ఎంపిక మారుతుంది.

ఆల్‌ప్రజోలం వేసుకుంటే వెంటనే తగ్గుతోంది కదా?

తగ్గుతుంది, చిక్కంతా అందులోనే ఉంది. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒంటికి అలవాటవుతుంది, మానితే అటాక్‌లు ముందుకంటే ఎక్కువగా రావచ్చు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఈ మాట చదివి రేపే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు.

మాటల చికిత్సలో ఏం చేస్తారు? ధైర్యం చెబుతారా?

ధైర్యం చెప్పడం కాదు, కసరత్తు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు, సాధారణంగా 12 నుంచి 16 సిటింగులు. అటాక్‌లో వచ్చే లక్షణాలనే కావాలని తెప్పిస్తారు: నిమిషంపాటు ఉన్నచోటే పరుగు, తిరిగే కుర్చీలో నిమిషం గిరగిరా తిరగడం, సన్నటి స్ట్రాతో రెండు నిమిషాలు ఊపిరి. దడ వచ్చినా ఏమీ కాలేదని ఒంటికి అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ. గర్భిణులు, ఆస్తమా, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు ఇవి సొంతంగా చేయకూడదు.

తర్వాత మానేసిన చోట్లకి మెట్లు కడతారు. గాజువాకలో ఉండి బస్సంటే భయపడే ఆవిడకైతే ఇలా ఉండొచ్చు. మొదట స్టాపులో పది నిమిషాలు నిలబడటం. తర్వాత మధ్యాహ్నం ఖాళీ బస్సులో తోడుతో ఒక్క స్టాపు. తర్వాత ఎన్‌ఏడీ దాకా ఒంటరిగా. ఆఖర్న ఉదయం తొమ్మిదింటికి కిక్కిరిసిన బస్సులో ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా. ఒక్కో మెట్టు భయం సగానికి సగం తగ్గేదాకా, వారంలో నాలుగైదు రోజులు చేయాలి. బ్యాగులో నీళ్ల సీసా, మాత్ర, ఫోన్లో భర్త నంబరు పట్టుకునే ఎక్కుతుంటే ఆ మెట్టు ఇంకా ఎక్కనట్టే. వాటిని కూడా ఒక్కొక్కటిగా ఇంట్లో వదలాలి.

2020 గ్యాస్ లీకు తర్వాత ఏ వాసన వచ్చినా ఊపిరి ఆడట్లేదు. ఇదీ పానిక్కేనా?

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ వాయువు పీల్చినవాళ్లకి ముందు ఊపిరితిత్తుల పరీక్ష జరగాలి. అది బాగుండి, పెయింటు వాసనకో రాత్రిపూట సైరన్‌కో ఒళ్లు వణికితే, ఆ రాత్రి కలల్లోకి వస్తుంటే, అది ప్రమాదం మిగిల్చిన మానసిక గాయం కావచ్చు. హుద్‌హుద్ తుఫాను తర్వాత గాలి హోరుకి అలా అయిపోయేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. దానికి చికిత్స కొంచెం వేరు, డాక్టర్‌కి సంఘటన పేరు చెప్పాలి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

చుట్టూ మూగొద్దు. ఒక్కరు పక్కన కూర్చుని, తక్కువ మాటలతో, ఆమెతో కలిసి నెమ్మదిగా ఊపిరి వదలండి. "అత్తారింట్లో పని తప్పించుకోడానికి నాటకం" అన్న మాట ఒక్కసారి చెవిన పడితే ఆవిడ తర్వాతి అటాక్‌ని దాచిపెడుతుంది. అప్పుడు నిజంగా గుండె సమస్య వచ్చినా చెప్పదు.

అటాక్‌లు ఒక మనిషి ఇంటికి వచ్చే వేళకే మొదలవుతుంటే డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడే అవకాశం అడగండి. హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181.

దిష్టి తీయించొచ్చా?

తీయించండి. టీఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించండి.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలి?

మొదటి అటాక్‌కి దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి. తర్వాత రక్తపరీక్షలకి ముందుగా మీ వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి. మానసిక వైద్యానికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి), చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. "పిచ్చాసుపత్రి" అన్న పాత పేరుకి జడిసి చినవాల్తేరు వెళ్లనివాళ్లు ఉన్నారు. ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని ఆ పూటే ఇంటికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఇంట్లోంచి కదల్లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

సింహాచలం గిరిప్రదక్షిణ చేయాలని ఉంది. వెళ్లొచ్చా?

ఈసీజీ, హిమోగ్లోబిన్ బాగుంటే వెళ్లొచ్చు. పానిక్ ఉన్నంత మాత్రాన నడక ప్రమాదం కాదు, నడిస్తే దడ పుట్టడం సహజమని ఒంటికి తెలిసేందుకు అదొక దారి కూడా. కానీ 32 కిలోమీటర్లు, ఆషాఢ పున్నమి జనం, ఉక్కపోత, రాత్రంతా నిద్ర లేకపోవడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. నెల ముందు నుంచి రోజూ బీచ్ రోడ్డులో 3 కిలోమీటర్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ రండి. ఆ రోజు ఉదయం మామూలు మాత్ర మానొద్దు, దారిలో ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి, జనం పల్చగా ఉండే వేళ చూసుకుని బయల్దేరండి. ఈసారికి సగం దూరమే నడిచి ఆటో ఎక్కినా సరే, వచ్చే ఏడాదికి అది రెండో మెట్టు.